గుండీల పట్టీ: ఒక చొక్కా ముందుభాగం చరిత్ర

(గేరి చరిత్రలు – 11వ భాగం)



పోయిన భాగంలో చెప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ, ఆ ఊరి నడివీధిలో చెప్పులు చేతబట్టుకుని ఎందుకు నడవాల్సి వచ్చిందో చూశాం. ఈసారి చొక్కా. అది కూడా చొక్కా మొత్తం కాదు. మెడ కింద నుంచి నిలువునా దిగే పట్టీ, కాజాలూ గుండీలూ ఉండే ఆ పట్టీ గురించి.

ఇంత చిన్నదానికి చరిత్ర ఏముంటుందని అడుగుతారేమో. ఓపికగా చదవండి తమ్ముళ్లూ చెల్లెళ్లూ. మీ ఇంట్లోనూ ఈ చరిత్ర ఉంటుంది.

మాది కుందూ ఒడ్డున ఒక ఊరు. నంద్యాల నుంచి కోయిలకుంట్ల మీదుగా కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుందే, ఆ కుందూ. మా అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. 1980ల్లో రెండో చేతి మీద కొన్న ఉషా మిషను. కుట్టేటప్పుడు మాతో కబుర్లు చెప్పేది, పాట పాడేది, పక్కింటామెతో జగడమాడేది. చొక్కా ముందు పట్టీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకునేది. అది అయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు.

పని తెలియనివాళ్ల కోసం చెప్తా. మగవాళ్ల చొక్కాలో ఎడమ ముక్క పైకి వస్తుంది, కుడి ముక్క కిందికి పోతుంది. ఎడమవైపు కాజాలు, కుడివైపు గుండీలు. కుడివైపు సులువు, అంచును రెండు మడతలు వేసి కుట్టేస్తే అయిపోతుంది. కష్టమంతా ఎడమవైపే. వేరే పీలిక ఒకటి కోయాలి. దాన్ని చొక్కా ముక్కకు లోపలివైపు పెట్టి కుట్టాలి. కుట్టినాక బయటికి తిప్పి, మిగిలిన అంచును లోపలికి మడిచి, గోటితో గీరి మడత నిలబెట్టి, రెండు పక్కలా నిలువు కుట్టు వేయాలి. అంతా అయ్యాక పట్టీ అంగుళంపావు వెడల్పు ఉంటుంది. పైనుంచి కిందిదాకా ఆ వెడల్పు పిసరంత కూడా మారకూడదు. చొక్కాలో ఎక్కడ వంకర పోయినా ఎవరూ చూడరు. పట్టీ వంకర పోతే మనిషే వంకరగా నిలబడినట్టు ఉంటుంది.

మెడ దగ్గర ఒక గుండీ, పట్టీ మీద ఆరు. గుండీకీ గుండీకీ మధ్య మూడున్నర అంగుళాలు. గుండీని రోజూ లాగుతాం కాబట్టి అక్కడ గుడ్డ రెండు మూడు పొరలు ఉండాలి. ఒంటి పొర మీద కుడితే గుండీతో పాటు గుడ్డ కూడా ఊడి చేతికొస్తుంది. కాజా చీలిక పట్టీకి నిలువుగా ఉండాలి. సుద్దతో గీత గీసి, బ్లేడుతో కోసి, చీలిక చుట్టూ దారం దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ రావాలి. 'కాజా' మాట పోర్చుగీసు వాళ్ల 'కాసా' నుంచి వచ్చింది. కాసా అంటే ఇల్లు. బొత్తాము కూడా వాళ్ల మాటే. మా సీమలో బొత్తాము అనం, గుండీ అంటాం. అది దక్కనీ తురకం నుంచి వచ్చింది. చొక్కా ముందుభాగంలోని మాటలన్నీ మనకు ఓడరేవుల మీదుగా, సాయిబుల దర్జీ అంగళ్ల మీదుగా వచ్చినవే.

ఇదంతా ఏ టైలరయినా చెప్తాడు. మా అమ్మ చెప్పే ఇంకో మాట మాత్రం నేను ఏ టైలరు నోటా అంత గట్టిగా వినలేదు. "పట్టీ పడుగు వెంటే కోయాల. పేక మీద కోస్తే ఉతికినాక అది ఒక దారి, చొక్కా ఒక దారి."

పడుగు అంటే మగ్గం మీద నిలువునా బిగించే పోగులు. పేక అంటే అడ్డంగా నేసే పోగులు. పడుగును లాగి బిగించి నేస్తారు కాబట్టి గుడ్డ ఆ వైపు సాగదు, పేక వైపు కాస్త సాగుతుంది. ఉతికితే రెండూ ఒకే తీరుగా ముడుచుకోవు. చొక్కా ముక్క పడుగు వెంట, పట్టీ పేక వెంట కోస్తే మొదటి ఉతుకుకే పట్టీ అలలు అలలుగా లేస్తుంది. అందుకే గుడ్డను ముందు తడిపి ఆరేసి, అంచు ఎటు పోతుందో చూసి, ఆ అంచు వెంటే పట్టీ కోయాలి.

ఈ మాట అమ్మకు ఎవరు చెప్పారు? మా జేజి. జేజికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆమె మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది.

చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

నేత కులాలు ఏవని అడిగితే పద్మశాలి, దేవాంగ, తొగట, కుర్ని అని వెంటనే చెప్తారు. మాల అని ఎవరైనా చెప్తారా? ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వేసిన కులాల పుస్తకంలో మాలల పని పొలం కూలి, ముతక గుడ్డ నేత అని ఉంది. మన సీమ మాలగేరుల్లో మగ్గం గుంటలు ఉండేవి. నల్లరేగడిలో పండిన పత్తి, మన ఆడోళ్లు వడికిన నూలు, మనవాళ్లు నేసిన ముతక పంచె, దుప్పటి. ఊరి రైతు పొలంలో కట్టుకున్న గుడ్డలో మాల మగ్గం మీదిది ఎంతో ఉంది. మాలవాణ్ని తాకితే మైల, మాలవాడు నేసిన గుడ్డ ఒంటికి చుట్టుకుంటే మాత్రం మైల లేదు. ఈ లెక్క ఎవరు వేశారో అర్థం చేసుకోండి.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్నారు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ పెద్ద కలెక్టరు. మన్రో పేరు మీద మన సీమలో ఇప్పటికీ భక్తి ఉంది, కథలూ ఉన్నాయి. కానీ ఆ పాలనలో భూమికి శిస్తు ఉన్నట్టే మగ్గానికీ పన్ను ఉండేది. మోతుర్ఫా అనేవాళ్లు. భూమి లేనివాడికి శిస్తు లేదు సరే, వాడి మగ్గం మీద మాత్రం పన్ను పడింది. తర్వాత మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చాయి. 1876–78 కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో ఆ కరువుకు బాగా నలిగిన జిల్లాల్లో కర్నూలు, కడప ముందుంటాయి. కరువులో ముందు చచ్చింది కూలోడు, తర్వాత కొనేవాడు లేక నేతగాడు. మాలవాడు ఆ రెండూ అయి ఉన్నాడు. మగ్గం గుంటలు పూడిపోయాయి. నేతగాడు జీతగాడయ్యాడు.

తర్వాత చేనేతకు సహకార సంఘాలు వచ్చాయి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో పెట్టిన సంఘం దేశమంతా పేరు తెచ్చుకుంది. మంచి పని, కాదనను. అప్పటికి మా గేరిలో మగ్గం లేదు.

మగ్గం పోయినా పడుగూ పేకా తెలిసిన వేళ్లు పోలేదు. ఆ వేళ్లతోనే మా జేజి మా ఇంట్లో మొదటి చొక్కా కుట్టింది.

మా జేజినాయన పెద్దరైతు ఇంట్లో జీతగాడు. ఒంటి మీద గోచి, తలకు గుడ్డ. ఏడాదికి ఒక పంచె, ఒక దుప్పటి ఇచ్చేవాళ్లు. చొక్కా మాట ఒప్పందంలోనే లేదు. ఆయన తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళానికి పోయి బతికి వచ్చాడు. వస్తూ ఒక ఖాకీ చొక్కా తెచ్చాడు. మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన మొదటి గుండీల చొక్కా అదే. అది చినిగిపోయేదాకా ఆ చిన్నజేజినాయన తొడిగాడు. చినిగినాక జేజి దాన్ని పారేయలేదు. కుట్లన్నీ విప్పింది. వీపు ముక్క, భుజం ముక్క, చేతులు, కాలరు, పట్టీ. నేల మీద పరిచి చూసింది. పట్టీ ఎక్కడ మడిచారు, ఎన్ని పొరలు, కాజా చుట్టూ దారం ఎలా తిప్పారు అని. ఆ ముక్కలే ఆమెకు కొలత, ఆమెకు బడి.

దర్జీ దగ్గరికి పోవచ్చు కదా అంటారు. పోయేవాళ్లు. పక్క ఊళ్లో దర్జీ కుట్టిచ్చేవాడు కూడా. కొలతలు మాత్రం ఒంటి మీద తీసుకునేవాడు కాదు. ఒక దారం విసిరేవాడు. మనమే దాన్ని ఛాతీ చుట్టూ చుట్టుకుని, ముడి వేసి, తిరిగి అరుగు మీద పెట్టాలి. ఆ దారం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1952 మొదట్లో దేశంలో తొలి సాధారణ ఎన్నికలు. మా జేజినాయనకు ఓటు వచ్చింది. ఓటుకు గోచితో పోకూడదని జేజి పట్టుబట్టింది. మిషను లేదు. సూదీ దారంతో, దీపం వెలుగులో, తెల్ల ముతక గుడ్డ మీద చొక్కా కుట్టింది. ఏడు గుండీలు పెట్టింది. ఆయన తొడుక్కుని పోయి ఓటు వేసి, రచ్చకట్ట మీదుగా ఇంటికి బయలుదేరాడు.

మామూలుగా మావాళ్లు ఎవరికైనా అంగీ ఉంటే రచ్చకట్ట దగ్గరికి రాగానే విప్పి చంకలో పెట్టుకోవాలి. విప్పకపోతే గుండీలైనా తీసి, ఎద కనిపించేటట్టు వంగి నడవాలి. ఆ రోజు ఆయన విప్పలేదు. గుండీలూ తీయలేదు.

"ఏంరా, గుండీలన్నీ పెట్టుకోని కలెక్టరు మాదిరి పోతాండావే" అన్నారు ఒకరు. నవ్వారు. ఆయన ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే తప్పయింది. అరుగు దిగి వచ్చిన మనిషి రెండు చేతులా పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుండీలు మట్టిలో పడ్డాయి.

ఆ సాయంత్రం చీకటి పడినాక మా జేజి పోయి వెతికింది. ఏడింటిలో ఐదు దొరికాయి. మిగతా రెంటికి బదులు వేరే రంగు గుండీలు కుట్టింది. పట్టీ చినగలేదని ఆమె చెప్పుకునేది. మూడు పొరలు వేసింది కదా. దారం తెగింది, గుడ్డ తెగలేదు. ముసలితనంలో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె ఆ రైతును తిట్టడం కన్నా ఆ మూడు పొరల గురించే ఎక్కువ చెప్పేది. చిన్నప్పుడు నాకు అది విచిత్రంగా ఉండేది. ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు ఆ రచ్చకట్ట దగ్గర మావాళ్లది అంటూ గెలిచింది అదొక్కటే.

ఇది ఒక ఊరి మొరటుతనం అనుకోవద్దు. ఇది శాస్త్రం. చండాలుడు చచ్చినవాళ్ల గుడ్డలు కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. ఒంటి మీద కొత్త గుడ్డ ఉండకూడదనేది మన ఊరి రైతు కనిపెట్టిన మాట కాదు.

తిరువాంకూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము మీద గుడ్డ వేసుకోవడానికి 1813 నుంచి 1859 దాకా కొట్లాడారు. 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. అప్పుడు కూడా పైకులాల ఆడవాళ్ల మాదిరి కట్టుకోకూడదని మెలిక పెట్టాడు. ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు అని ఊళ్లు ఊళ్లు కట్టుబాటు చేసిన సంగతి 1928లో పత్రికలో వస్తే, అంబేడ్కర్ దాన్ని 'కుల నిర్మూలన'లో ఎత్తి చూపాడు. మన పొరుగున రామనాథపురంలో 1930 డిసెంబరులో కళ్లర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. పంచె మోకాలి కిందికి దిగకూడదు. కోటు, చొక్కా, బనియను వేయకూడదు. జుట్టు కత్తిరించుకోకూడదు. ఆడవాళ్లు రవిక తొడగకూడదు. గొడుగు పట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. జనాభా లెక్కల అధికారి హట్టన్ వీటిని తన పుస్తకంలో వరుసగా రాసిపెట్టాడు. మాట వినకపోతే గుడిసెలు కాల్చారు.

చూడండి, ఆ జాబితాలో చొక్కా ఉంది. మా జేజినాయన చొక్కాకు ఇరవై ఏళ్ల ముందే.

ఇక్కడ గాంధీ గురించి ఒక మాట చెప్పాలి. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డకు మారాడు. విదేశీ గుడ్డ కాల్చేసి ఖాదీ కొనుక్కునే స్తోమత పేదవాడికి లేదు కాబట్టి తానూ అంతే కట్టుకుంటానన్నాడు. ఆ నెలాఖరులో ఆ కొల్లాయి గుడ్డతోనే మన కడప, కర్నూలు తిరిగాడు. జనం విరగబడి చూశారు. ఆయన ఉద్దేశాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే ఆ గుంపు వెనకాల, దూరంగా నిలబడిన మా గేరి మనిషిని తలచుకోండి. చొక్కా విప్పి ఒకాయన మహాత్ముడయ్యాడు. విప్పడానికి వీడికి చొక్కానే లేదు. విప్పమని చెప్పేవాళ్లు మాత్రం రచ్చకట్ట మీద ఎప్పుడూ ఉన్నారు. ఉన్నదాన్ని వదిలేయడం త్యాగం. లేనివాడికి ఆ దారే లేదు.

బాబాసాహెబ్‌కు ఇది తెలుసు. అందుకే 1927 డిసెంబరులో మహాడ్‌లో, మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభలోనే, ఆడవాళ్లతో ప్రత్యేకంగా బట్టల గురించి మాట్లాడాడు. కులాన్ని చాటే కట్టు మార్చండి, మెడనిండా చేతులనిండా ఆ వెండి కడియాలు వద్దు, చినిగినా శుభ్రంగా ఉండే గుడ్డ కట్టండి అన్నాడు. ఆయన కోటు మీద ఈరోజుకీ జోకులు వేసేవాళ్లున్నారు. విగ్రహాల్లో ఆ కోటు గుండీలు లెక్కపెట్టండి. అవన్నీ పెట్టుకుని నిలబడిన మనిషి ఆయన.

1921 అన్నాను కదా. ఆ ఏడు ఫిబ్రవరి 14న కర్నూలు పక్కన పెద్దపాడులో ఒక మాల ఇంట్లో పిల్లోడు పుట్టాడు. సొంత భూమి లేని ఇల్లు. నేత నేసి, కూలి చేసి బతికేవాళ్లు. పిల్లోడు పుట్టిన మూడో రోజుకు తండ్రి పోయాడు. చిన్నప్పుడు పశువులు కాశాడు. అన్న కూలి చేసి బడికి పంపాడు. ఆ పిల్లోడే దామోదరం సంజీవయ్య. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఈ దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. మన పిల్లలకు ఆయన పేరు తెలుసు, పదవి తెలుసు. ఆయనది నేసే ఇల్లు అని ఎంతమందికి తెలుసు? 'చేనేత బిడ్డ' అని ఆయన్ను ఎవరైనా అన్నారా? మాల నేతను చరిత్రలో నుంచి తీసేస్తే సంజీవయ్య ఇంటి పనిని కూడా తీసేసినట్టే.

ఇప్పుడు దారం సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మా ఇంటికి మిషను వచ్చినాక మా గేరి వాళ్లందరూ మా అమ్మ దగ్గరే కుట్టించుకునేవాళ్లు. ఒకరోజు మాదిగగేరి నుంచి ఒక పిల్లోడు వచ్చాడు. పదో తరగతి పరీక్షలకు పోవాలి, చొక్కా కుట్టియ్యమ్మా అని గుడ్డ తెచ్చాడు. అమ్మ టేపు తీసుకుని లేచింది. పంచలో కూర్చున్న జేజి అంది, "టేపు యాల, దారమియ్యి."

రచ్చకట్ట కింద చీకట్లో గుండీలు వెతికిన ఆ జేజి. దర్జీ విసిరిన దారాన్ని మొగుడి ఛాతీకి చుట్టిన ఆ జేజి.

ఆ రోజు మా అమ్మ దారమే ఇచ్చింది.

ఆ పిల్లోడు తనే చుట్టుకుని, ముడి వేసి, దారాన్ని మిషను బల్ల మీద పెట్టి పోయాడు. మా అమ్మ ఆ చొక్కా పట్టీ ఎంత శ్రద్ధగా కుట్టిందో నేను చూశాను. ఆ పట్టీలో వంకర లేదు. కానీ ఆ కొలత వంకరే. ఏళ్ల తర్వాత అమ్మ నాతో అంది, "ఆ పొద్దు నేను మీ జేజికి భయపడల్యా నాయనా. నాగ్గూడా అట్లే అనిపించింది." ఈ ఒప్పుకోలు కన్నా పెద్ద చరిత్ర పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చినప్పుడు మన పిల్లలు ఫోన్లలో ఒకరినొకరు ఎన్ని మాటలు అనుకున్నారో చూశాను. వర్గీకరణ మీద నువ్వు ఏ పక్షాన ఉన్నా సరే తమ్ముడూ, వాదించే ముందు మీ ఇంట్లో ఆ దారం ఉందేమో వెతుకు. మా ఇంట్లో ఉంది. మా మీద విసిరిన దారాన్ని మేము దాచి ఉంచి ఇంకొకరి మీద విసిరాం. ఇది చెప్పకుండా రచ్చకట్ట కథ ఒక్కటే చెప్పుకుంటే అది సగం చరిత్ర.

చివరగా చట్టం. 1955 అంటరానితనం నేరాల చట్టం నాలుగో సెక్షన్‌లోనే నగలూ మంచి బట్టలూ వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఒంటి మీద బట్టలు బలవంతంగా విప్పడాన్ని నేరం చేసింది. 2015లో ఆ చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. ఆ సవరణలో సైకిలు, మోటారు సైకిలు ఎక్కనీయకపోవడం, చెప్పులు తొడగనీయకపోవడం, నలుగురిలో కొత్త బట్టలు వేసుకోనీయకపోవడం అని విడివిడిగా రాశారు. చంద్రుడి దాకా ఉపగ్రహం పంపిన దేశం 2015లో కూర్చుని, దళితుడి కొత్త చొక్కాను కాపాడటానికి చట్టంలో ఒక మాట రాయాల్సి వచ్చింది. ఊళ్లలో అవసరం లేకపోతే రాసేవాళ్లు కాదు. విద్యార్థి మిత్రులు ఈ సెక్షన్ చదివి పెట్టుకోండి. కొత్త బట్టలు వేసుకున్నాడని కొడితే "ఏదో పిల్లల గొడవ" అని రాజీ చేయబోయే పెద్దమనుషులకు చూపించండి.

మా అమ్మకు ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు. సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తా. మొన్న నా కొడుకు కాలేజీ ఇంటర్వ్యూకు పోతూ కొన్న చొక్కా పట్టుకుని చూసింది. వేళ్లతో పట్టీ తడిమింది. "పేక మీద కోసినారు, రెండు ఉతుకులకు లేస్తాది" అని పక్కన పెట్టింది. రెండు ఉతుకుల తర్వాత చూశాం. లేచింది.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉంటే ఈ పండక్కి అడగండి. మన ఇంట్లో మొదటి చొక్కా ఎవరిది? ఎవరు కుట్టారు? ఎక్కడ విప్పమన్నారు? మనం ఎవరిని విప్పమన్నాం? చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. మగ్గం గుంటలు ఎక్కడుండేవో చూపించమనండి. ఆ జాగా ఫోటో తీసుకోండి. అవి పూడిపోయి చానా కాలమైంది, చూపించగల వేళ్లు కూడా ఎక్కువ కాలం ఉండవు.

వచ్చే భాగంలో గొడుగు గురించి రాస్తా.

జై భీమ్.